ఆకులు ఎర్రబడే నెల

బర్లింగ్టన్ దగ్గర ఒక చిన్న హోటల్‌కి నేను అకౌంట్స్ చూస్తాను. అమెరికాలో పల్లెవాసుల శాతం అన్ని రాష్ట్రాలకన్నా ఎక్కువ ఉన్నది మా వెర్మాంట్‌లోనే అని 2020 జనాభా లెక్కలు చెప్పాయి. ఇలాంటి చోట టూరిస్టు పెట్టే ఖర్చు ఎన్ని ఇళ్లకు చేరుతుందో నాకు బిల్లుల్లోనే కనిపిస్తుంది: పాలు, గుడ్లు, మేపుల్ సిరప్ (మేపుల్ చెట్ల రసంతో కాచే తియ్యటి పాకం) అన్నీ చుట్టుపక్కల రైతులవే.

సెప్టెంబర్ చివరి నుంచి అక్టోబర్ మధ్య వరకు కొండల మీద చెట్ల ఆకులు ఎర్రబడతాయి. అవి చూడటానికి బోస్టన్, న్యూయార్క్ కార్లు బారులు తీరుతాయి. న్యూజెర్సీ నుంచి మనవాళ్లూ పులిహోర డబ్బాలతో దిగుతారు. చలికాలం స్కీయింగ్ వాళ్లది. ఏప్రిల్‌లో మాత్రం మంచు కరిగి మట్టిరోడ్లు బురదైపోతాయి, గదులు ఖాళీ. 2024 ఏప్రిల్ 8న సంపూర్ణ సూర్యగ్రహణం మా మీదుగా వెళ్లడంతో ఆ బురద నెలలోనే హోటల్ నిండింది. ఎంత ఊరటో! 2025లో కెనడా వాళ్లు బాగా తగ్గారు, ఆ టెన్షన్ ఇంకా ఉంది.

జనం మరీ ఎక్కువైనా కష్టమే. మా రాష్ట్రంలోనే ఉన్న పామ్‌ఫ్రెట్ అనే ఊళ్లో ఒక పొలం ఇన్‌స్టాగ్రామ్‌లో పేరు పొందాక తాకిడి తట్టుకోలేక, 2023లో ఆకుల సీజన్‌కి ఆ దారిని బయటివాళ్లకు మూసేశారు. వాళ్లను తప్పుపట్టలేను.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది వేరు. గదులు శుభ్రం చేసే మా సిబ్బందికి దగ్గర్లో అద్దె ఇల్లు దొరకదు. సెలవులకే వచ్చే యజమానుల ఇళ్లు మాత్రం తాళాలతో ఉంటాయి. గది అద్దె మీద రాష్ట్రం వసూలు చేసే 9 శాతం పన్నులో ఇంకాస్త ఎక్కువ వాటా పనివాళ్లకు ఇళ్లు సమకూర్చడానికి వెళ్లాలని నేను గట్టిగా కోరుతున్నాను.