కోస్తా గాలిలో ప్లాస్టిక్ గింజలు ఆరబెట్టడం

తుఫాను ముసురు పట్టిన రోజుల్లో మన వైపు ప్లాస్టిక్ గింజలు కరిగించి అచ్చుపోసే మోల్డింగ్ షెడ్లలో ఒకటే ఫిర్యాదు. గింజలను ఆరబెట్టే డ్రయ్యర్ మీటరు 80 డిగ్రీలు చూపిస్తూనే ఉంటుంది, ఏబీఎస్ అనే ప్లాస్టిక్ పీసుల మీద, గింజలో తేమ మిగిలితే వచ్చే వెండి చారలు మాత్రం ఆగవు. ఆపరేటరు వేడి పెంచుతాడు. గింజలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, చారలు అలాగే ఉంటాయి. వేడి చేయడం వేరు, ఆరబెట్టడం వేరు అన్న సంగతి ఇక్కడే తెలుసుకోవాలి.

వడ్లు పండించే జిల్లా కాబట్టి ఈ తేడా మనకు కొత్త కాదు. గింజ పైతడి గాలి తగలగానే పోతుంది, లోపలి తేమకు రోజులు పడుతుంది. ముసురులో ఎన్ని రోజులు ఆరబోసినా తేమ ఒక అంకె దగ్గర ఆగిపోతుంది. ప్లాస్టిక్‌లోనూ అంతే. పాలీప్రొపిలీన్, పాలిథిన్ నీళ్లు పీల్చవు. వాటికి పైతడి ఒక్కటే సమస్య, గంటసేపు వేడిగాలి పెడితే సరిపోతుంది. నైలాన్, పాలీకార్బొనేట్, పెట్ (నీళ్ల సీసాల ప్లాస్టిక్), దాని జాతిదే అయిన పీబీటీ, ఏబీఎస్, యాక్రిలిక్ గాలిలోని తేమను గింజ లోపలికి లాక్కుంటాయి. అది బయటికి రావాలంటే వేడి, పొడి గాలి, సమయం మూడూ కావాలి.

పాలిథిన్‌కు పైతడి ఒక్కటే సమస్య అనే మాటకు ఒక మినహాయింపు ఉంది, మన దగ్గర అది చాలా ముఖ్యం. నల్ల పైపులు తీసేవాళ్లకు కార్బన్ బ్లాక్ అనే నల్ల పొడి తప్పదు. నీటి సరఫరా హెచ్‌డీపీఈ (గట్టి రకం పాలిథిన్) పైపులకు భారత ప్రమాణం ఐఎస్ 4984 ప్రకారం అది 2.5 శాతం, అటూఇటూ 0.5 ఉండాలి. పాలిథిన్ పీల్చని తేమను ఈ నలుపు పీలుస్తుంది. వానాకాలంలో పైపు లోపలి గోడ గరుకు తేలినా, బుడగలు కనిపించినా ముందు అనుమానించాల్సింది దీన్నే. 80 నుంచి 90 డిగ్రీల దగ్గర గంట, రెండు గంటలు ఆరబెట్టి చూడండి.

ఇప్పుడు గాలి సంగతి. సముద్రం దగ్గర 30 డిగ్రీల వేడి, 80 శాతం సాపేక్ష తేమ (ఆ వేడిలో గాలి పట్టగల నీటిలో ఉన్న వంతు) ఉన్న రోజున కిలో గాలిలో సుమారు 21 గ్రాముల నీరు ఉంటుంది. దాని డ్యూ పాయింట్, అంటే గాలిలోని తేమ నీటి బొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత, 26 డిగ్రీలు. మామూలు హాట్ ఎయిర్ డ్రయ్యర్ ఈ గాలినే 80 డిగ్రీలకు కాచి హాపర్లోకి (గింజలు పోసే తొట్టిలోకి) ఊదుతుంది. సాపేక్ష తేమ 7 శాతానికి పడిపోతుంది గానీ, ఆ 21 గ్రాముల్లో ఒక్క గ్రాము కూడా ఎటూ పోదు. ఎండాకాలం పడమటి మెట్ట ప్రాంతంలో 40 డిగ్రీలు, 20 శాతం తేమ ఉంటే అదే కిలో గాలిలో నీరు 9 గ్రాములే. ఒకే డ్రయ్యర్, ఒకే సెట్టింగు ఒకచోట పనిచేసి ఇంకోచోట చెయ్యకపోవడానికి కారణం ఇది.

ఏబీఎస్ గింజలో తేమ 0.1 శాతం లోపు ఉంటే చాలు కాబట్టి మంచి రోజుల్లో హాట్ ఎయిర్‌తో 80 డిగ్రీల దగ్గర 3, 4 గంటల్లో గట్టెక్కుతాం. నైలాన్‌కు 0.2 శాతం లోపు కావాలి. బస్తా తెరిచి వదిలేసిన నైలాన్ ఈ గాలిలో హాట్ ఎయిర్‌తో ఆ అంకెకు దిగడం కష్టం. పోనీ అని 110కి పెంచితే గింజ పసుపెక్కుతుంది. పాలీకార్బొనేట్‌కు 120 డిగ్రీలు, 3, 4 గంటలు, 0.02 శాతం. పెట్‌కు 160, 170 డిగ్రీలు, 4 నుంచి 6 గంటలు, 0.005 శాతం. ఈ మూడింటికీ గాలిలోని తేమ తీసేసి ఊదే డీహ్యూమిడిఫయింగ్ డ్రయ్యర్ కొనడం ఖర్చనుకోకండి, ఈ తీరంలో అది మిషన్‌లో భాగమే. దాని గాలి డ్యూ పాయింట్ మైనస్ 40 దగ్గర ఉంటుంది, కిలో గాలిలో 0.1 గ్రాము నీరు కూడా ఉండదు.

ఆ డ్రయ్యర్ కూడా మోసం చేస్తుంది. లోపలి మాలిక్యులర్ సీవ్ (తేమను పీల్చే గుళికలు) చల్లటి గాలిలోంచే తేమను బాగా పట్టుకుంటుంది. హాపర్ నుంచి తిరిగొచ్చే గాలి 60, 65 డిగ్రీలు దాటితే దాని పట్టు సడలుతుంది. పెట్, పాలీకార్బొనేట్ ఆరబెట్టేటప్పుడు తిరిగొచ్చే గాలిని చల్లబరిచే ఆఫ్టర్ కూలర్‌లో నీళ్లు ఆడుతున్నాయో లేదో చూడాలి. ఫిల్టర్లో పొడి నిండితే గాలి తగ్గుతుంది. హోస్ పైపు క్లాంపు వదులైతే షెడ్డులోని తడిగాలి లోపలికి వస్తుంది. తేమ నిండిన ఆ గుళికలను మళ్లీ ఆరబెట్టే రీజనరేషన్ హీటర్ కాలిపోతే ఉష్ణోగ్రత మీటరు మామూలుగానే చూపిస్తుంది, గాలి మాత్రం తడిగా వస్తుంది. అందుకే డ్యూ పాయింట్ మీటరు లేని డ్రయ్యర్‌ను నేను నమ్మను.

డ్రయ్యర్ హాపర్ సైజు దగ్గర చాలామంది తప్పు చేస్తారు. షాట్ (ఒకసారి మోల్డులోకి కొట్టే ప్లాస్టిక్) బరువు 60 గ్రాములు, సైకిల్ (ఒక షాట్‌కు పట్టే సమయం) 30 సెకన్లు అనుకుందాం. గంటకు 120 షాట్లు, 7.2 కిలోలు. 4 గంటలు ఆరాలంటే హాపర్లో ఎప్పుడూ 29 కిలోలు ఉండాలి. 25 కిలోల హాపర్ నిండుగా ఉంచినా గింజకు దక్కేది మూడున్నర గంటలే. సగం ఖాళీ అయ్యాక బస్తా గుమ్మరించే అలవాటుంటే అది రెండు గంటల లోపుకు పడిపోతుంది. కొంచెం కొంచెంగా, తరచుగా పోయాలి. ట్రే డ్రయ్యర్ అయితే అంగుళం మందం మించకూడదు, మధ్యలో ఒకసారి కలియబెట్టాలి.

తడి గింజ వాడితే నష్టం అన్నిట్లో ఒకలా ఉండదు. ఏబీఎస్‌లో చారలు పడతాయి, పీసు అందం పోతుంది, బలం పెద్దగా పోదు. పాలీకార్బొనేట్, పెట్, పీబీటీ అయితే గింజ కరిగే బ్యారెల్ వేడిలో నీటితో కలిసి వాటి అణువుల గొలుసులు తెగిపోతాయి. పీసు చూడ్డానికి బాగానే ఉండి, కింద పడితే పగులుతుంది. అలా పాడైన పీసును గ్రైండ్ చేసి మళ్లీ ఆరబెట్టినా తెగిన గొలుసు అతకదు. రొయ్యల చెరువు ఏరేటర్లకు నైలాన్ బుష్‌లు (షాఫ్టు తిరిగే గొట్టం ముక్కలు) చేసేవాళ్లకు ఇంకో మాట. మోల్డు నుంచి తీసిన నైలాన్ పొడిగా, పెళుసుగా ఉంటుంది. కొంత తేమ పీల్చాకే దానికి సాగుడు వస్తుంది. చెరువులో మునిగి ఉంటే ఉబ్బుతుంది కూడా, షాఫ్టుకు వదిలే సందు అది లెక్కేసుకుని ఉంచాలి.

పాలీకార్బొనేట్ ఆరిందో లేదో చూడ్డానికి ఖరీదైన పరికరం లేకపోయినా పర్వాలేదు. హాట్ ప్లేట్‌ను 270 డిగ్రీలకు వేడి చేసి రెండు గాజు స్లైడ్లు ఒక నిమిషం పెట్టండి. ఒకదాని మీద నాలుగైదు గింజలు ఉంచి, రెండోదాన్ని పైన పెట్టి చదునుగా నొక్కండి. చల్లారాక చూస్తే ఒకటి రెండు బుడగలుంటే అది ఇరుక్కున్న గాలి. ఎక్కువగా ఉంటే తేమ.

ఆరిన గింజను మిషన్ హాపర్లో అరగంటకు మించి నిలవ ఉంచకండి, మూత తీసి అసలే ఉంచకండి. గింజను మిషన్‌కు చేర్చే లోడరు షెడ్డు గాలితో లాగేదైతే నాలుగు గంటల శ్రమలో కొంత అక్కడే పోతుంది.

ఇన్ని చేసినా చారలు పోకపోతే మోల్డును చేత్తో తడిమి చూడండి. మోల్డును చల్లబరిచే చిల్లర్ నీళ్లు 12 డిగ్రీల్లో ఆడుతూ, గాలి డ్యూ పాయింట్ 26 ఉన్నప్పుడు మోల్డుకు చెమట పడుతుంది. నీళ్లు అతిగా చల్లగా ఉంటే హాపర్ కింది గొంతు దగ్గర కూడా ఇదే జరుగుతుంది. చారలు ప్రతి పీసులో ఒకేచోట వస్తున్నా, మిషన్ మూతి, అంటే నాజిల్ నుంచి కిందికి వదిలిన కరిగిన ముద్ద నురగ లేకుండా, చిటపటలాడకుండా నున్నగా వస్తున్నా అనుమానం మోల్డు మీదే. నీళ్లను 28 డిగ్రీలకు పెంచి, మోల్డు తుడిచి, పదిహేను షాట్లు తీయండి. చారలు ఆగితే డ్రయ్యర్ జోలికి వెళ్లకండి.