ముందు అతని దగ్గరికే వెళ్ళవలసింది

బడిపంతులుగా పదవీ విరమణ చేసిన తరువాత, కృష్ణా జిల్లాలోని మా ఊరి సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) క్రైస్తవ సంఘానికి నన్ను కోశాధికారిగా ఎన్నుకున్నారు. కానుకలు లెక్కపెట్టడం, వోచర్లు అతికించడం, నెలాఖరుకు పద్దు తేల్చడం నాకు ఇష్టమైన పనులే. తగవు మాత్రం ఆ పద్దు దగ్గరే మొదలైంది.

ఆ ఏడాది కోత పండుగ వేలం బాగా సాగింది. కొన్నవారు తిరిగి సంఘానికే ఇచ్చేయడంతో ఒకే గుమ్మడికాయ మూడుసార్లు పాటకు వచ్చింది. వచ్చిన సొమ్ముతో గుడి పైకప్పు బాగుచేయించాలని నా ఉద్దేశం, ఎందుకంటే వాన పడితే బల్లపీట పక్కనే బకెట్టు పెట్టవలసి వస్తోంది. ఇల్లిల్లూ తిరిగి వేలం సరుకు పోగుచేసింది యౌవనస్థులు కాబట్టి, అందులో కొంత కీబోర్డుకూ సౌండు బాక్సులకూ ఇవ్వాలని వారి కార్యదర్శి కమిటీలో అడిగాడు. అడగడంలో తప్పేమీ లేదు. నేనే విసుక్కుని, "అంత మోత కావాలంటే సినిమా హాలుకు పోండి" అన్నాను. అతని తండ్రిగారు మా గుడిలో ఏళ్ళ తరబడి కీర్తనలకు హార్మోనియం వాయించి, అంతకుముందు సంవత్సరమే కన్నుమూశారు. ఆ సంగతి తెలిసి ఉండి కూడా, నోరు జారేటప్పుడు నాకది గుర్తు రాలేదు. అతడు ఏమీ అనకుండా లేచి వెళ్ళిపోయాడు.

తరువాత రెండు వారాల్లో నేను ఎందరితో మాట్లాడానో లెక్క వేస్తే సిగ్గుగా ఉంటుంది. మా బావమరిదితో, ఇద్దరు సంఘ పెద్దలతో, పాల కేంద్రం దగ్గర కలిసిన ప్రతివారితో మాట్లాడాను గాని అతనితో మాత్రం మాట్లాడలేదు. "గుడి మాస్టారి తాతల ఆస్తి అనుకుంటున్నాడు" అని అతడు అన్నట్టు ఎవరో చెప్పగా విని, ఆ మాటను పద్దులో జమ వేసుకున్నట్టు మనసులో రాసిపెట్టుకున్నాను.

అంతలో ప్రభు రాత్రి భోజన ఆరాధన వచ్చింది. మా ఆరాధన క్రమంలో సమాధానం, అంటే శాంతి, ఇచ్చే ఘట్టం ఒకటుంది. ఒకరి కుడి అరచేతిని మరొకరి కుడి అరచేతికి ఆనించి, ఎడమ చేతిని పైన మూసి, అందుకున్నవారు పక్కవారికి అందిస్తారు. కేరళలోని సిరియన్ క్రైస్తవ సంఘాల వాడుక నుంచి తీసుకున్న ఈ పద్ధతిని 1950 నాటి క్రమంలో చేర్చారు. ఆ ఆదివారం మా వరుసలో నాకు సమాధానం అందించవలసినవాడు అతడే. నేను కానుకల సంచులు చూసుకునే నెపంతో పక్క తలుపు గుండా బయటికి జారుకున్నాను. కోశాధికారికి సాకులు సులువుగా దొరుకుతాయి.

అర్పణ బలిపీఠం ఎదుట విడిచి వెళ్ళి ముందు సహోదరునితో సమాధానపడమన్న మత్తయి సువార్త 5:23-24 ఎన్నోసార్లు చదివినవాడినే. మనకు సహోదరుని మీద కోపం ఉంటే అని అక్కడ లేదని, సహోదరునికి మన మీద విరోధమేమైనా ఉంటే అని ఉందని ఆ రోజు ఖాళీ వరండాలో నిలబడినప్పుడు గాని నాకు పట్టలేదు.

మరునాడు మా గుడి పాదిరి అయ్యగారి దగ్గరికి వెళ్ళి కథ మొదలుపెట్టాను. ఆయన నన్ను సగంలోనే ఆపి, "అతని దగ్గరికి వెళ్ళారా మాస్టారూ?" అని అడిగారు. లేదన్నాను. "అయితే మిగతాది నేను విననండి, ముందు వెళ్ళి రండి" అన్నారు. అప్పుడు చిన్నబుచ్చుకున్నాను గాని, నాకు ఆయన చేసిన మేలు అదే. మత్తయి 18వ అధ్యాయాన్ని మన సంఘాల్లో ఎవరినైనా వెలివేయాలనుకున్నప్పుడే ఎక్కువగా తీస్తాము. అందులో మొదటి మెట్టు ఒంటరిగా వెళ్ళడమని, దాని ఫలం "నీ సహోదరుని సంపాదించుకొంటివి" అని మరిచిపోతాము.

మొదటిసారి అతని ఎలక్ట్రికల్ దుకాణానికి వెళ్ళాను. అక్కడ నలుగురు ఉండడంతో మాట పెగలక, అవసరం లేని బల్బు ఒకటి కొనుక్కుని తిరిగి వచ్చాను. రెండోసారి చీకటి పడ్డాక ఇంటికి వెళ్ళాను. వాళ్ళ అమ్మగారు టీ ఇచ్చారు. మూలన తెల్లటి దుప్పటి కప్పిన హార్మోనియం ఉంది. పైకప్పు సంగతి ఎత్తకూడదని దారిలోనే తీర్మానించుకున్నాను, ఎందుకంటే "క్షమించు" తరువాత "అయితే" అని చేర్చితే ముందటి మాట చెల్లదు. "ఆ మాట అనడం నా తప్పు బాబూ, నాన్నగారిని కూడా నొప్పించినట్టయింది" అన్నాను. అతడు కాసేపు గ్లాసు వంక చూసి, "మీరు కమిటీ అందరి ముందు అన్నారు మాస్టారూ, మా అమ్మ ఒక్కరి ముందు వెనక్కి తీసుకుంటే సరిపోతుందా?" అన్నాడు. నాకు కోపం వచ్చింది. ఇంటికి నడిచి వచ్చేసరికి అతను అడిగింది న్యాయమే అనిపించింది. తరువాతి కమిటీలో, పద్దు చదవకముందే, అదే మాట అందరి ముందు చెప్పాను.

క్షమాపణతో అభిప్రాయాలు కలవలేదు. నాకు పైకప్పే ముందు, అతనికి పిల్లలు గుడికి రావడమే ముందు. ఇద్దరు పెద్దలను కూర్చోబెట్టుకుని, అతని వాదనను నేనూ నా వాదనను అతడూ, ఎదుటివారు "అవును, అదే" అనేదాకా చెప్పాలని నియమం పెట్టుకున్నాము. నాకు మూడుసార్లు పట్టింది. వేర్వేరు సంఘాలు కలిసి ఒకటైన మా సంఘైక్యం సంగతి అయ్యగారు ఆ సాయంత్రం గుర్తు చేశారు. 1919లో తమిళనాట తరంగంబాడిలో మొదలైన మాటలు 1947 సెప్టెంబరు 27న గాని మద్రాసులో సి.ఎస్.ఐ.గా రూపు దిద్దుకోలేదు. మొదటి నుంచీ పాటుపడిన దోర్నకల్ బిషప్ అజరయ్యగారు 1945లోనే ప్రభువు సన్నిధికి చేరి, ఆ రోజును చూడనే లేదు. మాకు మూడు గంటలు పట్టిందని విసుక్కోవడం ఏమంత బాగుండదనిపించింది.

చివరికి వానాకాలం లోపల పైకప్పు, కీబోర్డుకు వేరే చందా అని తేలింది. డ్రమ్ము మోత ఎక్కువని నేను ఇప్పటికీ అంటాను, నేను నత్తనడక మనిషినని అతడు ఇప్పటికీ అంటాడు. ప్రేమ అపకారమును మనస్సులో ఉంచుకొనదని పౌలు రాసిన చోట మూలంలో ఉన్నది లెక్కలు కట్టడానికి వాడే గ్రీకు మాటేనని అయ్యగారు చెప్పినప్పుడు మాత్రం నేను తల వంచుకున్నాను. పాల కేంద్రం దగ్గర విన్న మాటను ఆ రోజుతో కొట్టివేశాను. మైకు వైరుకు అతను ఖర్చుపెట్టిన 1,850 రూపాయలకు రసీదు అడగడం మాత్రం మానలేదు, ఎందుకంటే అది నా సొమ్మూ కాదు, అతని సొమ్మూ కాదు.

తరువాతి ప్రభు భోజన ఆరాధనలో నేను బయటికి వెళ్ళలేదు. వరుస చివర నుంచి సమాధానం వచ్చింది. అతని అరచేయి వైరు పనితో గరుకుగా ఉంది. ఎడమ చెయ్యి మూస్తూనే నా వైపు వంగి, "రసీదు జేబులోనే ఉంది మాస్టారూ, ఆరాధన అయ్యాక ఇస్తాను" అన్నాడు.