మూడు మీటర్ల వల, 200 గజాల లెక్క: అనంతపురం టీ షాట్ నోట్సు

ఏప్రిల్, మే: వల, నేల

గోల్ఫ్‌లో టీ షాట్ అంటే టీ అనే చిన్న మేకు మీద బంతి పెట్టి కొట్టే తొలి దెబ్బ. దాని సాధనకు క్రికెట్ ప్రాక్టీసు వల పనికిరాదు. ఆ వల కన్ను సాధారణంగా 45–50 మి.మీ. ఉంటుంది. గోల్ఫ్ బంతి వ్యాసం 42.67 మి.మీ. కాబట్టి నేరుగా దూరిపోతుంది. 25 మి.మీ. లోపు కన్ను ఉన్న వల, మూడు మీటర్ల వెడల్పు, అంతే ఎత్తు చాలు. బిగించి కడితే బంతి తిరిగి మొహం మీదికే వస్తుంది. కింది అంచు అరమీటరు నేలమీద పడేంత వదులుగా వేలాడదీసి, వెనక కొంచెం ఎడంగా పాత టార్పాలిన్ పట్టా కట్టాలి. బంతికీ వలకూ మధ్య మూడు మీటర్లు. మిద్దె మీద మాత్రం వద్దు. హోసెల్‌కు (క్లబ్ అనే గోల్ఫ్ కర్ర తలతో కలిసే మెడకు) తగిలిన బంతి కుడివైపు దాదాపు అడ్డంగా పోతుంది, కింద నడిచేవాళ్లకు తప్పుకునే వ్యవధి ఉండదు. ఎండకు నైలాన్ దారం పెళుసవుతుంది. ఆట అయ్యాక వల విప్పి లోపల పెట్టుకోవడమే మేలు.

ఈ నెలల్లో ఎర్రనేలలో చెక్క టీ దిగదు, విరుగుతుంది. ముందురోజు సాయంత్రం చెంబెడు నీళ్లు పోసి, పొద్దున మేకుతో బెజ్జం చేసి గుచ్చాలి.

డ్రైవర్‌కు టీ ఎత్తు (డ్రైవర్ అంటే అన్నిటికంటే దూరం కొట్టే పెద్ద తల క్లబ్): క్లబ్ నేలకు ఆనించినప్పుడు బంతిలో సగం, క్లబ్ తల పైఅంచుకు మీద కనబడాలి. 460 సీసీ పరిమాణం ఉన్న తలలకు నేల నుంచి 36–38 మి.మీ. సరిపోతుంది. 70 మి.మీ. టీ తీసుకుంటే ఇంచుమించు సగం లోపలికి పోవాలి. ఆ చోట పెన్నుతో గీత గీసుకుంటే ప్రతిసారీ ఒకే ఎత్తు వస్తుంది.

జూన్, జులై: నవ్వారు గీతలు

వల దగ్గర దూరం తెలియదు, తెలుసుకోవాలని ప్రయత్నించడమూ దండగ. తెలిసేవి మూడు: బంతి ఏ దిక్కున బయల్దేరింది, ఎంత ఎత్తున లేచింది, ఫేస్ (క్లబ్ తలలో బంతిని తాకే ముఖం) మీద ఎక్కడ తగిలింది.

వల నడుమ నిలువుగా ఎర్ర నవ్వారు ఒకటి, దానికి అటూ ఇటూ 30 సెం.మీ. దూరంలో తెల్లవి రెండు కుట్టాలి. మూడు మీటర్లకు 30 సెం.మీ. అంటే పదో వంతు. అదే దిక్కున పోతే 200 గజాల దగ్గర బంతి 20 గజాలు పక్కకు ఉంటుంది. తెల్లగీతల మధ్య పడితే 40 గజాల వెడల్పున్న గడ్డి దారి, అంటే ఫెయిర్‌వే దక్కినట్టే, గాలిలో వంపు తిరగకపోతే. డ్రైవర్ బంతి 13 డిగ్రీలు లేస్తే వలకు నేల నుంచి 75 సెం.మీ. ఎత్తున తగులుతుంది. అక్కడ అడ్డంగా ఇంకో గీత.

ఫేస్ మీద తగిలిన చోటుకు: బంతిపై వైట్‌బోర్డు మార్కర్‌తో చుక్క పెట్టి, ఆ చుక్కను ఫేస్ వైపు తిప్పి టీ మీద ఉంచాలి. కొట్టాక మరక ఫేస్‌కు అంటుతుంది, గుడ్డతో తుడిస్తే పోతుంది. కుడిచేతి వాటానికి టో (తల బయటి కొస) వైపు మరక ఉంటే బంతి ఎడమకు, హీల్ (కర్ర దగ్గరి కొస) వైపు ఉంటే కుడికి వంగే గుణం వస్తుంది. హీల్ మరకలే వరుసగా పడుతుంటే స్వింగ్ మార్చే ముందు నిలబడే దూరం చూడాలి. చాలాసార్లు బంతికి మరీ దగ్గరగా నిలబడడమే కారణం.

మరక నడుమే ఉండి, బంతి ఎడమకు బయల్దేరి, మైదానంలో కుడికి వంగుతుందంటే క్లబ్ బయటి నుంచి లోపలికి కోస్తోంది. బంతికి 25 సెం.మీ. వెనక, క్లబ్ టో దారికి రెండు వేళ్లు అవతల ఖాళీ పేస్టు డబ్బా పెట్టి కొట్టాలి. డబ్బా ఎగిరితే దారి ఇంకా బయటే ఉంది. భుజాలు లక్ష్యానికి ఎడమగా తెరుచుకున్నాయేమో ముందు చూడాలి. చేతులను తిట్టుకోవడం తర్వాత.

ఈ నెలల్లో పడమటి గాలి జోరు. వల కర్రలకు రెండు వైపులా తాళ్లు బిగించకపోతే గీతల లెక్క అంతా అబద్ధమే.

ఆగస్టు: ఏ క్లబ్

పెట్టుకున్న కొలత: పది బంతుల్లో ఎనిమిది తెల్లగీతల మధ్య, మరక ఫేస్ నడుమ రూపాయి బిళ్లంత చోటులో. అది అందుకోని క్లబ్, టీ నుంచి జెండా దాకా దారి ఇరుకైన హోల్‌లో టీ మీదికి రాదు.

డ్రైవర్ ఆ కొలతకు రాకపోతే వెంటనే దాని తర్వాతి క్లబ్ 3-వుడ్ అందుకోవడం మన దగ్గర అలవాటు. అంత మంచి సలహా కాదు. దాని లాఫ్ట్ (ఫేస్ వెనక్కి వాలే కోణం) సుమారు 15 డిగ్రీలు, తల చిన్నది. నిదానమైన స్వింగ్‌కు అది బంతిని లేపదు. 18 డిగ్రీల 5-వుడ్ నయం. లాఫ్ట్ పెరిగేకొద్దీ పక్క వంపు తగ్గుతుంది. డ్రైవరే కొనేవాళ్లు 9 డిగ్రీల మోజు మాని 10.5 లేదా 12 చూడాలి. 45 అంగుళాల పైన పొడవున్న క్లబ్ కర్ర, అంటే షాఫ్ట్‌ను ఒక అంగుళం కిందికి పట్టుకుంటే నాలుగు గజాలు పోవచ్చు, నడుమ తగలడం పెరుగుతుంది.

హోల్ దగ్గర లెక్క వేరే. 350 గజాల హోల్, కుడివైపు 195–220 గజాల మధ్య ఇసుక గుంట. 210 కొట్టే డ్రైవర్ సరిగ్గా అక్కడే దిగుతుంది. 175 కొట్టే హైబ్రిడ్ అనే పొట్టి క్లబ్ బంతి ముందే ఆగుతుంది, మిగిలేది 175. అదే గుంట 240 దగ్గర ఉంటే భయపడాల్సిన పని లేదు, డ్రైవరే తీయాలి. బంతి కోర్సు హద్దు (బౌండరీ) దాటిపోతే మాత్రం ఒక పెనాల్టీ స్ట్రోక్‌తో మళ్లీ టీ నుంచే కొట్టాలి. అందుకని బౌండరీ కుడివైపుంటే టీయింగ్ ఏరియా (తొలి దెబ్బ కొట్టే చోటు) కుడి అంచున బంతి పెట్టి ఎడమకు గురిపెట్టడం స్లైస్ (కుడికి వంగే బంతి) కొట్టేవాళ్లకు లాభం.

వంపు ఎంతో తేలేది బంతి పూర్తిగా ఎగిరే ప్రాక్టీసు మైదానం, అంటే బెంగళూరు రేంజ్‌లోనే. ఆ ఊరు మన అనంతపురం కంటే 500 మీటర్లకు పైగా ఎత్తు, గాలి పలచన, బంతి కాస్త ఎక్కువ పోతుంది. అక్కడి దూరాల్లోంచి రెండు శాతం తీసేసి రాసుకోవాలి.