వాషర్ సార్ పోస్టింగ్

"ఏదో ఒకటి రాసియ్యి, పేజీలు మిగిలిపోతున్నాయి" అని మెడికల్ కాలేజీ బ్యాచ్ ఫంక్షన్ సంచిక కోసం మన క్లాస్‌మేట్ రేడియో నెల రోజులుగా వాట్సాప్‌లో వెంటపడుతున్నాడు. అనాటమీ హాలు గురించి ఎలాగూ అందరూ రాస్తారు. బుధవారపేట మెస్ గురించి పెద్దాయన రాస్తాడు, బాకీ తీర్చాడో లేదో కూడా రాయమనండి. నేను మనకు ఎస్పీఎం (సోషల్ అండ్ ప్రివెంటివ్ మెడిసిన్, ఇప్పటి కమ్యూనిటీ మెడిసిన్) చెప్పిన వాషర్ సార్ గురించి రాస్తా.

ఎస్పీఎం అంటే మనకు అటెండెన్స్, పార్క్ పుస్తకం, పరీక్ష ముందు నైటవుట్లు, అంతే కదా. ఆయన మాత్రం పోస్టింగ్‌లో మమ్మల్ని హంద్రీ నది ఒడ్డు వీధికి తోలుకుపోయి, "ఆరోగ్య విద్య చెప్పండి" అని వెనక నిలబడ్డారు. రేడియోనే ముందుకొచ్చాడు, ఇంకెవరొస్తారు! ఫ్లిప్ చార్ట్ తిప్పుతూ, అన్నానికి ముందు, దొడ్డికి పోయొచ్చాక సబ్బుతో చేతులు... అని అందుకోగానే చంకలో ఖాళీ బిందె ఉన్న ఒకామె, "నీళ్లు యాడున్నాయి నాయనా? బోరింగు చెడిపోయి ఎన్ని దినాలాయె! సబ్బు నాకాల్నా?" అనింది. వీధంతా నవ్వు. మన బ్యాచ్ అంతకన్నా ఎక్కువ.

సార్ నవ్వలేదు. మర్నాడు, జనం ఆరోగ్యం మెరుగుపడాలంటే ఏం చేయాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సదస్సు చెప్పిన 1986 ఒటావా ప్రకటనలోని ఐదు అంశాలూ బోర్డు మీద రాశారు: ఆరోగ్యానికి తోడ్పడే ప్రభుత్వ విధానాలు, అనుకూలమైన పరిసరాలు, జనం కలిసి పూనుకోవడం, మనిషి నేర్చుకోవాల్సిన నైపుణ్యాలు, వైద్యసేవల దారి మార్చడం. "రేడియో చెప్పింది నాలుగోది ఒక్కటే. మిగతావి ఎవరు చేస్తారు, మీ తాతా?" అన్నారు. ఆ వారమంతా స్పీచులు బంద్. ఆడవాళ్లు చెప్తుంటే అర్జీ రాయడం, వేలిముద్రలు వేయించడం, వాళ్ల వెంట ఆఫీసుకు పోవడం. చివరికి మెకానిక్ వచ్చి రాడ్లు పైకి లాగితే, అరిగి పీలికలైన తోలు వాషర్ బయటపడింది. సార్ దాన్ని అడిగి తీసుకుని, మ్యూజియంలో దోమల మోడళ్ల పక్కన లేబుల్ అతికించి మరీ పెట్టారు. వైవాలో అది చూపించి "ఇది ఐదింటిలో ఏది?" అంటే మన గోల్డ్ మెడలిస్ట్ చెప్పిన జవాబు ఇక్కడ రాయను, ఫంక్షన్‌కి ఆమె కూడా వస్తోందట.

తర్వాత ఇంటర్న్‌షిప్, పీజీ, పెళ్లి, పిల్లలు. ఇప్పుడు నేనూ కమ్యూనిటీ మెడిసినే చెప్తున్నా. "వేరే సీటు రాలేదా?" అని జాలిపడిన కార్డియాలజీ మిత్రులకు నమస్కారం. 2021-22 బ్యాచ్ నుంచి ఊళ్లో కుటుంబాలను దత్తత తీసుకోవడం సిలబస్‌లోకే వచ్చింది. బీపీ, షుగర్ చూసి, "ఉప్పు తగ్గించండమ్మా" అని చెప్పేసి లాగ్‌బుక్ పట్టుకొచ్చే పిల్లలే ఎక్కువ. మొదటి విజిట్‌లోనే సలహా ఇచ్చొచ్చినవాళ్లకు నేను సంతకం పెట్టను. మొన్న ఒకమ్మాయి వచ్చి, "మేడమ్, ఆ ఇంట్లో వంట కోడలిదే గానీ ఉప్పు వేసేది అత్త. ఆమె పగలంతా చేను దగ్గరే ఉంటుంది, సాయంత్రం ఇంకోసారి పోవాలి" అంది. పొమ్మన్నాను, బస్సు కూడా మాట్లాడిపెట్టాను.