సర్వర్ మారినప్పుడు అందరి క్రాన్‌జాబ్‌లూ మార్చిన అనుభవం

పాత లినక్స్ సర్వర్ తీసేసి కొత్తదానికి మారాలన్నారు. డేటాబేస్‌లు, ఫైళ్ల గురించి అందరూ అడిగారు. వేళకు వాటంతటవే నడిచిపోయే క్రాన్‌జాబ్‌ల ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఆ పని నాకు వచ్చింది.

ఏ జాబ్ ఎప్పుడు నడవాలో క్రాన్ అనే ప్రోగ్రామ్‌కి చెప్పే జాబితా పేరు క్రాన్‌టాబ్, అది యూజర్‌కొకటి ఉంటుంది. అన్ని అధికారాలూ ఉండే రూట్ యూజర్‌గా లాగినై 'క్రాన్‌టాబ్ మైనస్ ఎల్' కొడితే రూట్ సొంత జాబితా ఒక్కటే కనిపిస్తుంది. ఇంకొకరిది చూడాలంటే 'మైనస్ యూ' పెట్టి యూజర్ పేరు ఇవ్వాలి. ఒక్కొక్కరి పేరూ కొట్టే ఓపిక లేక, క్రాన్ తన ఫైళ్లు దాచుకునే స్పూల్ డైరెక్టరీలోకి వెళ్లాను. అక్కడ యూజర్‌కో ఫైల్. వాటిలో ఎప్పుడో ఉద్యోగం మానేసిన వ్యక్తిది కూడా ఉంది! ఆయన పాస్‌వర్డ్ లాక్ చేశారు, అంతే. లినక్స్‌లో అంతమాత్రాన క్రాన్ ఆగదు. ఆయన పెట్టిన రిపోర్టు రోజూ వెళ్తూనే ఉంది, అకౌంట్స్ వాళ్లు దాన్నే నమ్ముకుని ఉన్నారు. దాన్ని ఒక సర్వీస్ అకౌంట్ (మనిషికి కాక పనికోసం పెట్టే అకౌంట్) కిందికి మార్చాను.

ఎక్కువ సేపు పట్టింది ఒక్క లైన్ దగ్గర: 0 6 1 * 1. ఈ గడులు వరసగా నిమిషం, గంట, తేదీ, నెల, వారం; స్టార్ గుర్తు అంటే ఏదైనా సరే అని. నెల మొదటి తేదీ సోమవారమైతేనే పొద్దున 6కి నడవాలని రాసినాయన ఉద్దేశం. కానీ తేదీ, వారం గడులు రెండింటిలోనూ అంకెలుంటే క్రాన్ ఏది కుదిరినా నడిపేస్తుంది. అంటే ప్రతి సోమవారమూ, ప్రతి ఒకటో తేదీనీ. 'ఈ మెయిల్ వారం వారం ఎందుకొస్తోందో' అని ఆయనే విసుక్కునేవారట. వారం గడిలో స్టార్ గుర్తు పెట్టి, సోమవారమా కాదా అన్నది స్క్రిప్ట్‌లోనే చూసేలా మార్చాం.

కొత్త సర్వర్‌లో చేత్తో నడిపితే అన్నీ బాగానే నడిచాయి, క్రాన్‌లో కొన్ని నడవలేదు. మనం లాగినై కమాండ్‌లు కొట్టే షెల్‌కి ఉండే పాత్ (ప్రోగ్రామ్‌ల కోసం వెతికే డైరెక్టరీల జాబితా) క్రాన్‌కి ఉండదు, దానికి తెలిసినవి రెండు మూడు డైరెక్టరీలే. ప్రోగ్రామ్‌లు ఏ డైరెక్టరీలో ఉన్నాయో పూర్తిగా రాస్తే దారికొచ్చాయి. బ్యాకప్ మాత్రం మొండికేసింది. ఫైల్ పేరులో తేదీ కోసం వాడిన పర్సెంట్ గుర్తు ముందు బ్యాక్‌స్లాష్ ఉండాలి. లేకపోతే క్రాన్ కమాండ్‌ని అక్కడితో తెంచేసి, మిగిలినదాన్ని ఇన్‌పుట్‌గా అందిస్తుంది. కాపీ చేసేటప్పుడు ఎవరో ఆ బ్యాక్‌స్లాష్‌ని చెత్త అనుకుని తీసేశారు. ఎర్రర్ మెయిల్ అయినా వస్తే తెలిసేదే, కానీ కొత్త మెషీన్‌లో మెయిల్ ప్రోగ్రామే లేదు. అవుట్‌పుట్ పారేశానని లాగ్‌లో క్రాన్ రాసుకుంది, అక్కడ దొరికింది. అప్పటి నుంచి ప్రతి జాబ్‌కీ ఒక లాగ్ ఫైల్ పెట్టించాను.

మార్పు రోజున రెండు చోట్లా జాబ్‌లు నడిస్తే కస్టమర్లకు రెండేసి మెయిళ్లు వెళ్తాయన్నదే నా టెన్షన్. అందుకే ముందు పాత సర్వర్‌లో లైన్లన్నిటి ముందూ హాష్ (#) పెట్టి అవి నడవకుండా ఆపాను, ఆ తర్వాతే కొత్తదాంట్లో తెరిచాను. 'మైనస్ ఆర్' జోలికి పోలేదు. అది అడగకుండా మొత్తం క్రాన్‌టాబ్ తుడిచేస్తుంది, పైగా కీబోర్డు మీద ఎడిట్ చేసే 'ఈ' పక్కనే ఉంటుంది 'ఆర్'. ఆ రెండింటినీ అలా పక్కపక్కన ఎందుకు పెట్టారో!

ఇప్పుడు క్రాన్ డాట్ అలో ఫైల్లో పేరున్న యూజర్లే క్రాన్‌టాబ్ పెట్టుకోగలరు. పేరు చేర్చమని వచ్చినవాళ్లను, ఈ జాబ్ ఆగితే ఎవరికి చెప్పాలో ముందు రాసిమ్మంటున్నాను.