సెమ్మరింగ్ కొండల మీదుగా

యూరప్‌లో ఒక్కదాన్నే బ్యాగు తగిలించుకుని రైళ్లలో చాలా ఊళ్లు తిరిగాను. మనసు మాత్రం ఆస్ట్రియాలో వియన్నా నుంచి గ్రాజ్ వెళ్లే దారిలోనే ఉండిపోయింది. సెమ్మరింగ్ కొండల మీది ఈ లైను 1854లో పూర్తయింది. డైనమైట్ ఇంకా పుట్టని కాలం! 41 కిలోమీటర్లలో 14 సొరంగాలు, 16 పెద్ద వంతెనలు. ఇంజనీరు కార్ల్ ఘేగా ఈ లైనుకి ప్లాన్ గీసేనాటికి ఆ ఎత్తు ఎక్కగల ఇంజనే లేదు. రెండంతస్తుల రాతి వంతెన మీద రైలు వంపు తిరుగుతుంటే, ఆ రాళ్లు మోసిన వేలమంది కూలీలే గుర్తొచ్చారు. పనిలో ఉండగానే జబ్బులతో వందలమంది పోయారు. పక్కన కబుర్లు చెప్పేవాళ్లు లేరు కాబట్టే ఇదంతా కళ్లారా చూశాననిపిస్తుంది. ఇప్పుడు కొండ కింద 27 కిలోమీటర్ల కొత్త సొరంగం కడుతున్నారు. అది తెరిస్తే స్పీడు రైళ్లు అటే పోతాయి. వెళ్లాలనుకునేవాళ్లు ఈలోపే, పగటి రైలు చూసుకుని ఎక్కండి.