గుత్తి కోట మీద చలి, ఎండ

జనవరిలో గుత్తి కోట ఎక్కాలంటే తెల్లవారకముందే బయలుదేరాలి. ఊరి నుంచి కొండ కొన దాదాపు 300 మీటర్ల ఎత్తు. మా మేనమామ, ఆయన చిన్న కూతురు తోడొచ్చారు. సంచిలో థర్మామీటర్ పెట్టుకున్నాను.

కొండ మొదట్లో 14 డిగ్రీలు. చేతులు కొంకర్లు పోతున్నాయి. దర్వాజాలన్నీ దాటి పైకెళ్లి, ఒళ్లు చల్లబడేదాకా కూర్చుని చూస్తే 16! ఎండ ఇంకా రాలేదు. మబ్బు లేని రాత్రి నేల తన వేడినంతా ఆకాశంలోకి వదిలేస్తుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, పల్లంలోనే నిలిచిపోతుంది. దాని పైన ఉన్న గాలి వెచ్చగా ఉంటుంది. ఉష్ణోగ్రతా విలోమం అంటే ఇదే. ఆ పొద్దున అది కళ్లకే కనిపించింది. ఊళ్లో పొయ్యిల పొగ కాస్త లేచి, ఇక పైకి రాలేక చాప పరిచినట్టు అడ్డంగా పరుచుకుంది. ఎంతసేపు చూసినా తనివి తీరలేదు.

ఈ కోటను ఏలిన మరాఠా సేనాని మురారిరావు కూర్చునేవాడని చెప్పే మంటపం దగ్గర సద్ది విప్పాం. 1776లో హైదర్ అలీ ఈ కోటను పట్టుకున్న కథ మామ చెబుతుంటే పాప అడ్డుపడింది.

"బావా, పైకొస్తే సూర్యుడికి దగ్గరైతాం గదా, అందుకేనా వెచ్చగుండేది?"

సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు, ఈ కొండ ఏపాటిదని చెప్పాను. ఎండ గాలిని పెద్దగా వేడి చేయదు, నేలను కాలుస్తుంది. నేల గాలిని వేడెక్కిస్తుంది. ఆ గాలి పైకి లేచేకొద్దీ ఒత్తిడి తగ్గి వ్యాకోచిస్తుంది, చల్లబడుతుంది. సగటున కిలోమీటరుకు 6.5 డిగ్రీలు, పొడి గాలి లేస్తుంటే దాదాపు 10.

"అట్ల పోతా పోతా అంతా చలేనా?"

కాదు. మన నెత్తిన 16, 17 కిలోమీటర్ల దగ్గర మైనస్ 80కి దిగుతుంది. ఆ పైన ఓజోన్ అతినీలలోహిత కిరణాలను పీల్చుకోవడంతో మళ్లీ వేడెక్కుతూ, 50 కిలోమీటర్ల దగ్గర సున్నాకు చేరువవుతుంది. ఒక ఎత్తు దాటాక చలి పెరగడం ఆగిపోతుందని ఫ్రాన్స్‌లో వాతావరణ శాస్త్రవేత్త తెస్రాన్ ద బోర్ 1902లో ప్రకటించాడు. ఎండ తగిలి థర్మామీటర్ తప్పు చూపుతోందేమోనని రాత్రిపూట కూడా బెలూన్లు వదిలి సరిచూసుకున్నాడు. ఆ పట్టుదల నాకు చాలా ఇష్టం.

మధ్యాహ్నం కొన మీద నీడలో 26, దిగేసరికి కింద 29. పొద్దుటి లెక్క తలకిందులైంది. మీరూ వెళితే మబ్బు, గాలి లేని రాత్రి గడిచాక తెల్లవారుజామునే ఎక్కండి. థర్మామీటర్‌ను బండకు తగలనీయకుండా, నీడలోనే పట్టుకోండి.